ఎడమచేత్తో రొట్టె పెట్టిన బొమ్మ

నాది పుర్రచేతివాటం. చిన్నప్పుడు మా అమ్మ నా ఎడమచేతికి పాతగుడ్డ చుట్టి గట్టిగా ముడేసేది. ముడి విప్పగానే ఆ చెయ్యి మళ్లీ తన పని తాను చూసుకునేది. కొట్టింది, బతిమాలింది, వాత పెడతానని బెదిరించింది. అన్నం మాత్రం కుడిచేత్తో తినడం నేర్పగలిగింది గానీ రాత మార్చలేకపోయింది. కడప ట్రైనింగు స్కూల్లోనూ అదే కథ. కుడిచేత్తో రాస్తే కోడి గెలికినట్టుందని మా టీచరు విసుక్కుని, ఏ చేత్తో రాస్తేనేం, అక్షరం కుదురుగా ఉంటే చాలని వదిలేసింది. ఆమె వదిలేసినంత తేలిగ్గా లోకం వదులుతుందనుకోవడం నా బుద్ధితక్కువ.

స్వరాజ్యం రావడానికి ఇంకా చాలా ఏళ్లున్న రోజులవి. కమలాపురానికి నాలుగైదు మైళ్లలో ఒక పల్లె, అందులో మా మిషను బడి. ఉన్నది ఒకటే గది, ఆదివారం అదే గుడి. నాకు అప్పుడు ఇరవై ఏళ్లు. ఏడాదిపాటు నా పని చూసి, నచ్చితే ఖాయం చేస్తామన్నారు. ఖాయం చేయాల్సింది పేరుకు కడపలో ఉండే మిషను దొరసాని, నిజానికి ఆ పల్లె సంఘపెద్దలు. వాళ్లు వద్దన్న పంతులమ్మను దొరసాని ఎన్నడూ ఉంచింది లేదు.

మా నాయన పోయాక మా అమ్మ రోడ్డుపనిలో కంకర కొట్టి నన్ను చదివించింది. ఆ దుమ్ముకు ఆమెకు దగ్గు పట్టుకుంది. ఉద్యోగం రాగానే నేను చేసిన మొదటి పని ఆమె చేత సుత్తి మాన్పించి నాతో ఆ పల్లెకు తెచ్చుకోవడం. ఇది పోతే ఆమె మళ్లీ ఎండలో ఆ రాళ్లకుప్ప ముందు కూర్చోవాలి. నా భయమంతా అదొక్కటే, వేరే ఏ భయమూ నాకు లేదు.

బడి మొదలైన రెండు నెలలకు గొడవ లేచింది. ఒకటో తరగతి పిల్లలు పంతులమ్మ ఏది చేస్తే అది చేస్తారు. నేను బోర్డు మీద ఎడమచేత్తో రాస్తుంటే ముగ్గురు నలుగురు పిల్లలు బలపం ఎడమచేతికి మార్చారు. ఇళ్లల్లో తల్లులు గగ్గోలు పెట్టారు. రేపు వీళ్లు ఆ చేత్తోనే అన్నం తింటే, ఆ చేత్తోనే నలుగురికీ వడ్డిస్తే మా గతేమిటన్నారు.

సంఘంలో నలుగురు పెద్దలున్నా మాట చెల్లేది ఒకాయనది. అరవై దాటిన మనిషి, అక్షరం రాదు, బైబిలు వాక్యాలు మాత్రం గడగడా నోటికి చెప్పేవాడు. రెడ్డిగారి కళ్లానికి కావలి మనిషి. నేను తాతా అని పిలిచేదాన్ని. ఆయన బడికొచ్చి గుమ్మం బయటే నిలబడి, బిడ్డలు పుర్రసేత్తో బలపం పడుతున్నారట కదమ్మా అని మెల్లగానే అడిగాడు. నేను మెల్లగా జవాబు చెప్పి ఉంటే బాగుండేది. నా నోరు మంచిది కాదు. నేను రాసిన అక్షరాలేమన్నా కంపు కొడుతున్నాయా తాతా అన్నాను. పొద్దు గూకేలోగా ఆ మాట పల్లెంతా తిరిగి మా అమ్మ దగ్గరికి వచ్చింది. అమ్మ నన్ను తిట్టలేదు, తలుపు వేసుకుని కూర్చుని దగ్గింది.

మరునాటి నుంచి చిన్నపిల్లల పక్కన కూర్చుని ఒక్కొక్కరి కుడిచేతిలో బలపం పెట్టి దిద్దించాను. వాళ్లు దారికొచ్చారు. అయినా పెద్దలకు ఆ మాట మింగుడు పడలేదు. వేసవి సెలవుల ముందు మీటింగు పెట్టి నా సంగతి తేలుస్తామన్నారు.

దొరసాని నెలకోసారి ఎద్దులబండిలో వచ్చేది. వయసు మళ్లిన మనిషి, మంచి మనిషి, తెలుగు పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడేది. ఒకసారి వచ్చినప్పుడు పెద్ద అట్టపెట్టె తెచ్చింది. అందులో పన్నెండు కాగితాలు, ఒక్కొక్కటీ విస్తరాకంత. రంగులు లేవు, అంతా సన్నసన్నటి నల్లగీతలు. వాళ్ల నాయన ఇటలీ దేశానికి పోయినప్పుడు కొన్న పాత అచ్చుబొమ్మలట. అక్కడి పెద్దవాళ్ల భవనాల్లో కప్పు లోపలివైపు రంగులతో బొమ్మలు వేసేవారట, వాటిని చూసి చెక్కేవాళ్లు రాగిరేకు మీద చెక్కి, సిరా పూసి, కాగితాలు తీసేవారట. బొమ్మలేసి మూడు నాలుగు వందల ఏళ్లయిందని చెప్పింది.

ఆ మధ్యాహ్నం పల్లెలోని ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి ఆమె ఆ బొమ్మలు చూపించింది. ఒకామె చేతిలో తక్కెడ. ఇంకొకామె ఒక చెంబులోంచి ఇంకో చెంబులోకి నీళ్లు పోస్తోంది. ఒకడు కత్తి పట్టుకుని కాపలా ఉన్నాడు. రెక్కల ముసలాయన మోకాలి మీద పుస్తకం పెట్టుకుని రాస్తున్నాడు. అందరూ మబ్బుల మీద కూర్చున్నారు. కింద నుంచి తలెత్తి చూసేవాళ్ల కోసం వేసినవి కాబట్టి అందరి అరికాళ్లూ మన మొహానికే ఉన్నాయి. మావాళ్లకు ముందు కనిపించింది అదే. అంత గొప్పోళ్లకు కాళ్లు ముడుచుకోవడం తెలీదా అని ఒకామె అంటే అందరూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. బొమ్మల్లో ఇద్దరు ముగ్గురు అమ్మలకు రవికలు లేవు. అక్కడ దొరసాని ముందే పలుచటి కాగితం అంటించి ఉంచింది.

వీళ్లెవరని అడిగితే దొరసాని వీళ్లు మనుషులు కారు, దేవతలు కారు, గుణములు అంది. తక్కెడ పట్టుకున్నది న్యాయము, నీళ్లు పోసేది మితము, ముసలాయన కాలము. మావాళ్లకు గుణాన్ని మనిషిగా చూడటం కష్టమేమీ కాలేదు, మరీ తేలికైపోయింది. అయిదు నిమిషాల్లో అందరికీ పేర్లు పెట్టేశారు, న్యాయమ్మ, మితమ్మ అని. ఒక ముసలామె న్యాయమ్మకు రెండు చేతులూ జోడించింది. బొమ్మకు మొక్కడం చూసి దొరసాని మొహం తెల్లకాగితమైంది. గబగబా పెట్టె మూసి ప్రార్థన మొదలుపెట్టింది. నాకు నవ్వాగలేదు, ఆమె అంటే జాలి కూడా వేసింది.

ఎండలు ముదిరాక దొరసాని చల్లటి కొండ ఊరికి పోయింది. కడపలో బంగళా కప్పు దించి కొత్తది వేస్తున్నారు, చెదలు తగులుతాయని అట్టపెట్టెను మా బడి ఇనుపపెట్టెలో దాచమని నాకు అప్పగించింది. బడి వదిలాక రోజుకొక కాగితం తీసి చూసుకునేదాన్ని. ఆ గీతలు ఎంత దగ్గరదగ్గరగా ఉండేవంటే చీర మడత నీడ కూడా గీతలతోనే తెలిసేది. ఎనిమిదో కాగితంలో ఒక తల్లి. చుట్టూ పిల్లలు, ఒడిలో రొట్టెలు. దొరసాని ఆమెను ప్రేమ అని చెప్పింది. ఒక పిల్లవాడికి వంగి రొట్టె అందిస్తోంది. ఆ చెయ్యి చూసి కాగితాన్ని వెలుతురుకు జరిపాను. బొటనవేలు ఏ పక్కకుందో నా చెయ్యి పక్కన పెట్టి చూసుకున్నాను. ఎడమ చెయ్యి, అనుమానం లేదు. బళ్లో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను.

ఇంటికి తెచ్చి అమ్మకు చూపించాను. ఆమె బొమ్మలో చేతినీ నా చేతినీ మార్చి మార్చి చూసింది. ఆ పూట నేను ఎడమచేత్తో నీళ్లముంత అందిస్తే మారు మాట్లాడకుండా తాగింది. పుట్టి బుద్ధెరిగాక అలా జరగడం అదే మొదలు.

మీటింగులో పెద్దలు నలుగురూ చాప మీద కూర్చున్నారు, వెనక సంఘమంతా ఉంది. తాత మొదలుపెట్టాడు. గుళ్లో ప్రభువు బల్ల దగ్గర రొట్టె కుడిచేత్తో అందుకుంటామనీ, బిడ్డలకు అక్షరం కూడా రొట్టె లాంటిదేననీ, దాన్ని ఏ చేత్తో పెట్టాలో పద్ధతి ఉందనీ అన్నాడు. ఆయన కోపంగా అనలేదు, అప్పగించిన పాఠం చెప్పినట్టు చెప్పాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. లేచి పెట్టె తెరిచి ఆ బొమ్మను తెచ్చి నలుగురి మధ్యా చాప మీద పెట్టాను. ఈమె ఏ చేత్తో పెడుతోందో చూడండి అన్నాను. ఇది దొరల దేశంలో రాజుల ఇంట కప్పు మీదున్న బొమ్మ, అక్కడివాళ్లకు తప్పు కానిది ఇక్కడ తప్పెలా అయిందని అడిగాను.

తాత కాగితాన్ని దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశాడు. మిగిలిన ముగ్గురూ ఆయన మొహం చూస్తున్నారు.

"అంత పెద్దింటి తల్లే పుర్రసేత్తో పెడతాంటే మనం ఈయమ్మను ఏమంటాం?" అన్నాడు. "పంటలు కళ్లం చేరనీ. కోతల పండగనాడు తేలుద్దాం."

నేను గెలిచాననుకున్నాను. పల్లెలో తల్లులు కూడా మెత్తబడ్డారు. రొట్టె తల్లి బొమ్మ చూపించమని వచ్చి, చూసి, నా చెయ్యి వంక చూసి పోయేవాళ్లు. వానలు పడ్డాక దొరసాని దిగి వచ్చింది. జరిగినదంతా ఉత్సాహంగా చెప్పాను. ఆమె బొమ్మ ముందు పెట్టుకుని మొదట నవ్వింది, తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేసింది. సంచిలోంచి చేతి అద్దం తీసి కాగితం పక్కన నిలబెట్టింది. అద్దంలో ఆ తల్లి కుడిచేత్తో రొట్టె పెడుతోంది. కప్పు మీద ఉన్నది అలాగేనట. చెక్కినవాడు కప్పు మీద చూసింది చూసినట్టే రేకు మీద చెక్కాడట, కాగితం మీద ఒత్తేసరికి కుడి ఎడమై పడిందట. చాలామంది చెక్కేవాళ్లు ఇది పట్టించుకునేవాళ్లు కాదట. నువ్వు ఎవరినీ మోసం చేయలేదు, నీకు తెలియదు కదా అని ఆమె నా వీపు నిమిరింది. బొమ్మల పెట్టెను నా దగ్గరే ఉంచి, పెద్దలకు చెప్పడమో మానడమో నీ మనస్సాక్షికే వదులుతున్నానంది. అంతకంటే నన్ను తిట్టినా బాగుండేది.

నేను చెప్పలేదు. ఒక నెల కాదు రెండు నెలలు కాదు, జొన్న విత్తి, పైరు ఎదిగి, కంకులు కోతకొచ్చేదాకా చెప్పలేదు. ఎవరైనా రొట్టె తల్లి బొమ్మ చూపించమంటే పెట్టె తాళం పోయిందని అబద్ధమాడాను. అమ్మకు ఎడమచేత్తో నీళ్లందించడం మానేశాను. ఆమె ఒకరోజు ఎందుకు మానేశావని అడిగింది కూడా. ఉద్యోగం నిలబడింది అబద్ధం మీద, మా అమ్మ దగ్గు తగ్గుముఖం పట్టింది ఆ ఉద్యోగం మీద. ఈ రెండూ తలుచుకుంటే నాకు నిద్ర పట్టేది కాదు. పిల్లలకు పది ఆజ్ఞలు వల్లె వేయిస్తూ అబద్ధసాక్ష్యం దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించి పలికేదాన్ని, నా బతుక్కి.

కోతల పండగ ఇంకో మూడు రోజులుందనగా ఇక తట్టుకోలేకపోయాను. మధ్యాహ్నం బడి వదిలి, బొమ్మా మా ఇంటి అద్దమూ సంచిలో పెట్టుకుని కళ్లానికి పోయాను. జొన్నలు తూర్పారబట్టి రాశి పోశారు. తాత రాశి చుట్టూ తడిమట్టి ముద్దలు పెట్టి, వాటి మీద చెక్కముద్ర ఒత్తుతున్నాడు. రెడ్డిగారు వచ్చి కొలిపించేదాకా రాశిని ఎవరూ ముట్టుకోకుండా అలా ముద్ర వేస్తారు. ఎవరైనా చెయ్యి పెడితే ముద్ర చెదిరి దొంగతనం బయటపడుతుంది.

నేను నిలబడే అంతా చెప్పేశాను. అద్దం పెట్టి చూపించాను. నాకు వానాకాలంలోనే తెలుసుననీ, దాచాననీ కూడా చెప్పాను. ఆయన చేతిలో పని ఆపలేదు.

"నాకు తెల్సులేమ్మా," అన్నాడు.

ఎప్పటినుంచి తాతా అంటే, "నువ్వు బొమ్మ తెచ్చి పెట్టిన పొద్దే," అన్నాడు. చేతిలో ఉన్న చెక్క తిప్పి నా మొహం ముందు పెట్టాడు. రెడ్డిగారి పేరులో మొదటి అక్షరం చెక్క మీద తిరగబడి ఉంది, మట్టి మీద సరిగ్గా ఉంది. "నాకు సదువు రాదు గానీ అచ్చు సంగతి రాదా? వయసులో ఉన్నప్పట్నుంచి దీన్నే ఒత్తతాండా. ఆ బొమ్మలో అందరూ పుర్రసేతోల్లే. ఆయమ్మ పుర్రసెయ్యే, రొట్టె అందుకునే బిడ్డ పుర్రసెయ్యే. అట్లాంటి ఊరు యాడన్నా ఉంటాదా?"

నేను అక్కడే కళ్లం గట్టు మీద కూర్చున్నాను. మరి ఆ రోజెందుకు చెప్పలేదని అడిగాను. తనను పెద్దగా కూర్చోబెట్టారు కాబట్టి ఊరి మాట తన నోటితో అనాల్సి వచ్చిందట. తన ఇంట్లో అక్షరం చదివినవాళ్లు ఎవరూ లేరట, ఇప్పుడు మనవరాలు రోజూ ప్రార్థన దగ్గర బైబిలు చదువుతోందట. అన్న మాట ఎలా వెనక్కి తీసుకోవాలా అని సతమతమవుతుంటే నేనే బొమ్మ తెచ్చి పెట్టానట.

నా గుండె కుదుటపడింది, కానీ ఒక్క క్షణమే. "నువ్వు నోరిడిసి చెప్పినాక ఇంగ దాయకూడదు. ఆదివారం ఆ అద్దం తీసుకరా," అన్నాడు.

నాకు కోపం తన్నుకొచ్చింది. నా పొట్ట మీద కొడతావా తాతా, మా అమ్మ మళ్లీ కంకర కొట్టాలా అన్నాను. ఆయన ఇంకో మట్టిముద్ద తీసుకున్నాడు. ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పాను. ఆమె సామాను అడుగున పెట్టిన సుత్తి వెతికి బయటికి తీసి మంచం కింద పెట్టుకుంది. ఆ మూడు రోజులు ఎలా గడిచాయో నాకే తెలియదు.

కోతల పండగ ఆరాధన అయింది. అందరూ తెచ్చిన జొన్నలూ గుమ్మడికాయలూ బల్ల ముందు పోసి ఉన్నాయి. తాత లేచి, బొమ్మ పక్కన అద్దం పట్టుకుని ఒక్కొక్క వరసకూ తిరిగి చూపించాడు. ఆ తల్లి పెట్టేది కుడిచేత్తోనేననీ, వేసవిలో తాను చెప్పింది తప్పు మాటనీ, అది తెలిసే చెప్పాననీ ఒప్పుకున్నాడు. వచ్చి చెప్పింది పంతులమ్మేనని కూడా అన్నాడు. గదిలో కలకలం లేచింది. పెద్దల్లో అందరికంటే చిన్నవాడు, మొదటినుంచీ నేనంటే గిట్టనివాడు, లేచి నిలబడ్డాడు. బొమ్మను బట్టి ఉంచుకున్నాం, ఆ బొమ్మే అబద్ధమైతే ఇంకేముంది, పంపించేద్దాం అన్నాడు. అవునవునని వెనక నుంచి కొందరు. నేను మా అమ్మ వైపు చూడలేదు.

తాత అద్దం కింద పెట్టి ఆ మనిషినే అడిగాడు. కొన్నేళ్ల కింద కొత్త వడ్రంగి వచ్చిన యేడు గుర్తుందా అని. ఆ వడ్రంగికి ముద్రల పని తెలియక అక్షరాన్ని చెక్క మీద సరిగ్గా చెక్కాడట, మట్టి మీద అది తిరగబడి పడిందట. చూసుకునేసరికి కళ్లమంతా ముద్రలు ఒత్తేశారట. రెడ్డిగారు వచ్చి అందరినీ చెడతిట్టాడట. ఇది తెలిసినవాళ్లు నవ్వారు.

"ఆ యేడు కళ్లం కాడ నాతో కావలి పండుకునింది నువ్వే కదప్పా," అన్నాడు తాత. "కొలిసిన దినం రాశిలో గింజ ఏమన్నా తక్కువాయనా?"

ఆ మనిషి తల వంచుకుని, "ఏం తక్కువ కాల్యా," అన్నాడు.

"ముద్ర తిరగబడినా రాశిని కాసింది. ఈయమ్మ సెయ్యి సంగతీ అంతే. నేర్పిన అచ్చరం మన బిడ్డల పలకల మీద యా పక్కకు ఉండాదో పోయి సూడు."

పిల్లల పలకలు గోడవార పేర్చి ఉన్నాయి. ఆ మనిషి పంతానికే లేచిపోయి వెతికి తన కూతురి పలక తీశాడు. దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. తనకు చదవడం రాదు, ఇంకెవరినీ అడగడం ఇష్టం లేదు, చివరికి తెచ్చి నా చేతికే ఇచ్చాడు. శుక్రవారం నాడు పిల్లలను ఇంట్లోవాళ్ల పేర్లు రాయమన్నాను. ఆ పిల్ల మొదట తండ్రి పేరు రాసింది, అక్షరం అక్షరం విడదీసి, గుండ్రంగా. నేను చదివాను. ఆయన ఇంకోసారి చదవమన్నాడు, ఏ అక్షరం ఏదో వేలు పెట్టి చూపించమన్నాడు. నేను ఎడమచేతి వేలే పెట్టి చూపించాను, నాకు ఇంకోలా చేతకాదు. ఆయన ఆ వేలి వెంటే చూస్తూ తన పేరు తాను పైకి పలికాడు. తర్వాత, నన్ను ఉంచుకుందామనేవాళ్లు చేతులెత్తమని తాత అంటే, సంఘమంతట్లో ముందు లేచిన చెయ్యి ఆయనది.